కొసరుకు తూకమా?

మధ్యాహ్నం రెండు దాటింది. మదనపల్లె కూరగాయల మార్కెట్టులో బేరాలు తగ్గి, అంగళ్ళవాళ్ళు గోనెపట్టాల మీద కునుకు తీస్తున్నారు. నాగమ్మవ్వ అంగడి దగ్గర మాత్రం కునుకూ లేదు, నిమ్మళమూ లేదు. అక్కడ ఒక బ్యాగును తూకం వేస్తున్నారు.

తక్కెడ ఒక పళ్ళెంలో ఐదు కిలోల రాయి, రెండు కిలోల రాయి. రెండో పళ్ళెంలో నీలం రంగు బ్యాగు. టమేటాలకూ వంకాయలకూ అలవాటుపడిన తక్కెడ అది. బ్యాగు అందులో నిలవక జారిపోతుంటే వసుధ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"చేతులు తియ్యే! నువ్వు పట్టుకుంటే తూకం ఎట్ల తెలుస్తాది?" అంది అవ్వ.

"వదిలేస్తే పడిపోతాది గదవ్వా!"

చివరికి పాత చీర పీలికతో బ్యాగును గొలుసులకు కట్టేశారు. వసుధ చేతులు తీసింది. తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగి, సరిగ్గా నడిమిన నిలబడింది.

"ఏడు కిలోలు!" అంది అమ్మ. పరీక్ష పాసైనంత సంబరపడింది. "ఇంక దీంట్లో గుండుసూది కూడా పెట్టేది లేదు."

వసుధకు ఒళ్ళు మండింది.

"ఏడు కిలోలేందిమా? నా స్కూలు బ్యాగే ఆరు కిలోలు ఉంటాది. నువ్వు పోయేది స్కూలుకు కాదు, శ్రీలంకకు!"

వసుధ వాళ్ళమ్మ అనిత ఆస్పత్రిలో నర్సు. సునామీ వచ్చి అప్పటికి నెల దాటింది. శ్రీలంకలో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళు ఎన్నో కొట్టుకుపోయాయి. ఇళ్ళు పోయినవాళ్ళు క్యాంపుల్లో ఉన్నారు. అక్కడి పిల్లలకు జ్వరాలు, వాంతులు, విరేచనాలు. వాళ్ళకు వైద్యం చేయడానికి కుప్పం నుంచి దామోదర్ అనే డాక్టరు ఎనిమిది మందిని వెంటబెట్టుకుని బయల్దేరుతున్నాడు. మూడు వారాలు ఉండాలి. జీతం లేదు. ఆ సంగతి తెలిసిన రోజే అమ్మ ఫోన్ చేసి, "నేనూ వస్తాను సార్," అని చెప్పేసింది.

నాన్న లారీ డ్రైవరు. టమేటా లోడుతో ఉత్తరాదికి పోతూ, "ధైర్యంగా పోయిరా," అన్నాడు. అవ్వ రెండు రోజులు గొణిగి, మూడోరోజు ఒప్పుకుంది. వసుధ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అమ్మ పోవడానికి ఒప్పుకోలేదా అంటే, అదీ కాదు. క్లాసులో అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా. ఆమె పోట్లాటంతా దామోదర్ సార్ పంపిన లిస్టుతో.

ఆ లిస్టులో ఇలా ఉంది. మూడు జతల నూలు బట్టలు. ఒక టవలు. ఒక పల్చటి దుప్పటి. దోమతెర. టార్చిలైటు. రబ్బరు చెప్పులు. ఇంతే. నగలు వద్దు. తిండి వద్దు. విమానంలో మనిషికి ఇరవై కిలోలు, అందులో పదమూడు కిలోలు మందుల పెట్టెకు, ఏడు కిలోలు సొంతానికి.

ఈ లెక్క అమ్మ పదిసార్లు చెప్పింది. వసుధ పదిసార్లూ వింది, పదిసార్లూ కుదరదంది. ఆరో క్లాసులో టీచర్లు ఆమెకు 'లాయరమ్మ' అని ఊరికే పేరు పెట్టలేదు.

మొదట కంబళి కోసం వాదించింది.

"ఫిబ్రవరిలో ఈడే వణుకుతాండాము. అమ్మకు కంబళి వద్దా?"

"శ్రీలంక మన మదనపల్లె మాదిరి కాదే. ఆడ చలికాలమే ఉండదు. ఎండ, వాన, ఉక్కపోత. కంబళి కప్పుకుంటే ఉడికిపోతాను," అంది అమ్మ.

కంబళి కేసు ఓడిపోయింది. తర్వాత ఇనప పెట్టె కేసు, అదీ ఓడిపోయింది. అమ్మ బట్టలను మడత పెట్టకుండా చాపలా చుట్టి, సందుల్లో టార్చిలైటూ చెప్పులూ దూర్చి, ఆ చిన్న బ్యాగులోనే అన్నీ పట్టించేసింది. ఇక మిగిలింది తిండి.

"తిండి వద్దంటాడా?" అంది అవ్వ, అప్పుడే మొదటిసారి విన్నట్టు. "ఆయప్పకు ఇంట్లో ఆడోళ్ళు లేరా? ఊరికి పోయే మనిషిని వట్టి చేతుల్తో ఎవురన్నా పంపుతారా?"

"ఆడ వండి పెడతారు అత్తా," అంది అమ్మ.

"ఏం పెడతారు? అన్నం! పొద్దున అన్నం, రాత్రికి అన్నం. సంగటి లేకుండా నువ్వు మూడు వారాలు నిలబడతావా?"

అమ్మ నవ్వి, బ్యాగు విప్పుకుంటూ ఉంది. అప్పుడే ఒకామె వంకాయలకు వచ్చింది. అవ్వ కిలో వంకాయలు తూచి, ఆమె సంచిలో పోసి, అలవాటుగా ఇంకో రెండు వంకాయలూ కొంచెం కరివేపాకూ పైన వేసింది.

అది కొసరు. అవ్వ అంగట్లో తూకం ఎంత నిక్కచ్చో, కొసరు అంత ధారాళం. అడిగినా వేస్తుంది, అడగకపోయినా వేస్తుంది. అడిగి మరీ గొడవ పెట్టుకున్నవాళ్ళకు కూడా, తిట్టుకుంటూనే వేస్తుంది. వసుధ నడక నేర్చింది ఆ అంగడి గంపల మధ్యనే. అడ్డం వచ్చిన ప్రతిదానికీ లెక్క అడిగే ఈ లాయరమ్మ కూడా కొసరుకు మాత్రం ఏనాడూ లెక్క అడగలేదు.

ఆ వంకాయలను చూడగానే వసుధ కళ్ళు మెరిశాయి.

"అవ్వా! కొసరు!" అంది.

అవ్వకు వెంటనే అర్థమైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కొసరును ఎవురన్నా తూస్తారా యాడన్నా?" అంది అవ్వ గొంతు తగ్గించి.

"తూయరు," అంది వసుధ.

ఆ సాయంత్రం అమ్మ ఆస్పత్రికి డ్యూటీకి పోయింది. ఇంట్లో అవ్వ మెత్తటి రాగిపిండిని గుడ్డసంచిలో పోసి మూతి కుట్టేసి, బ్యాగు అడుగున చుట్టిన బట్టల కింద పెట్టింది. వసుధ తన కొసరు తాను పెట్టుకుంది. స్టీలు డబ్బా నిండా చెనక్కాయ ఉంటలు, అంటే వేరుశెనగ ఉండలు. బెల్లం పాకం తనే పట్టింది, జీవితంలో మొదటిసారి. పాకం ముదిరి ఉంటలు గోలీల్లా గట్టిపడ్డాయి. అయినా అవి తన చేతి ఉంటలు. అమ్మ ఎక్కడో తెలియని ఊళ్ళో, ఎవరూ తోడు లేనప్పుడు, ఆ డబ్బా మూత తీసి ఒకటి నోట్లో వేసుకోవాలి. తనను తలుచుకోవాలి. ఆ ఆలోచనకే వసుధకు ఏడుపు తన్నుకొచ్చింది. గబగబా జిప్పు లాగేసింది.

మరుసటి రోజు ఉదయం ముగ్గురూ కుప్పానికి బయల్దేరారు. అమ్మను రైలెక్కించి అవ్వా మనవరాలూ తిరిగి రావాలి. పలమనేరు బస్సులో సీట్లు దొరికాయి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన అమ్మ బ్యాగును కాళ్ళ మధ్య పెట్టుకుని ఆవులిస్తూ కూర్చుంది. బరువు తేడా ఆమె గమనించలేదు. ఇంటి నుంచి బస్టాండు దాకా బ్యాగు మోసింది వసుధ. "నేనే మోస్తా," అని పట్టుబట్టి మరీ మోసింది.

పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీ కింద సిద్దమ్మత్త నిలబడి ఉంది. నాన్నకు అక్క. చేతిలో ఒక పెద్ద గాజు సీసా.

"ఏమ్మే అనితా! చెప్పకుండా పోతాండావే? నా తమ్ముడు చెప్తేగానీ తెలీలా!" అంటూ సీసాను కిటికీలోంచి లోపలికి తోసింది. "పోయినేడు పెట్టిన మామిడికాయ ఊరగాయ. ఇంత రుచి మళ్ళా రాలా. నీ కోసరమే ఎత్తిపెట్టినా."

"వద్దొదినా. ఏడు కిలోలే తీస్కపోవాల. నిన్ననే తూకం వేసుకున్నాము," అంది అమ్మ.

"తూకమా? నేను ఇచ్చేదానికి తూకమా?" అత్త ముఖం చిన్నబోయింది. "మేము పరాయోళ్ళమా ఏంది?"

అమ్మ సీసాను తిరిగి ఇవ్వబోయింది. ఈలోగా బస్సు కదిలింది. సీసా వసుధ ఒళ్ళో ఉండిపోయింది.

"జాగ్రత్తగా పట్టుకో. తిరిగిపోయేటప్పుడు ఇంటికి ఎత్తుకుపోండి," అంది అమ్మ. ఊరు దాటకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

వసుధ సీసా వైపు చూసింది. బ్యాగు వైపు చూసింది. అవ్వ వైపు చూసింది. అవ్వ బయట మామిడితోటలను చూస్తున్నట్టు నటిస్తూ తల ఊపింది.

జిప్పు శబ్దం రాకుండా తీయడానికి చాలా ఓపిక కావాలి. మామూలుగా లేని ఓపిక ఆరోజు వసుధకు ఎక్కడి నుంచో వచ్చింది. సీసాను టవల్లో చుట్టి, పక్కన దూర్చి, మళ్ళీ జిప్పు లాగింది. జిప్పు సగంలో బిగుసుకుంది. మోకాలితో నొక్కి పట్టి లాగితే మూసుకుంది.

'ఇదీ కొసరే,' అనుకుంది. దామోదర్ సార్ మీద తను గెలిచినట్టు అనిపించింది. ఆయన్ని అప్పటిదాకా ఒక్కసారైనా చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

పలమనేరులో బస్సు మారి, కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారిపొడుగునా బ్యాగు వసుధే మోసింది. స్టేషను దగ్గర ఒక పాత గోడౌను వరండాలో జట్టు మొత్తం చేరింది. గోడ వారగా ఎనిమిది అట్టపెట్టెలు, వాటి మీద ఎనిమిది పేర్లు. మధ్యలో పెద్ద కాటా. ఇది అవ్వ తక్కెడలాంటిది కాదు. పైన వస్తువు పెడితే గుండ్రటి అద్దం వెనక ముల్లు తిరుగుతుంది.

దామోదర్ సార్ పొట్టిగా, నలిగిన చొక్కాతో ఉన్నాడు. వసుధ ఊహించినంత భయంకరంగా లేడు. అది ఆమెకు కొంచెం నిరాశగానే అనిపించింది.

"అనితా, నీ బ్యాగు పెట్టమ్మా," అన్నాడు.

అమ్మ బ్యాగు పైకెత్తబోయి ఆగింది. మళ్ళీ ఎత్తింది. ఆమె నొసలు ముడిపడింది. బ్యాగు కాటా మీద పెట్టగానే ముల్లు ఏడు దాటింది, ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది.

"తొమ్మిది కిలోల ఏడు నూర్లు," అన్నాడు సార్.

"లేదు సార్! నిన్న సరిగ్గా ఏడు ఉండె. నేనే చూసినాను," అంది అమ్మ.

వసుధ ముందుకు వచ్చింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఏడే సార్. మా అవ్వ తక్కెడ తప్పు చెప్పదు. పైన ఉండేదంతా కొసరు."

"కొసరా?"

"అవును సార్. కొసరుకు తూకం ఉండదు. మీరు అంగడికి పోతే, కూరగాయలు తూచినాక వేసే కొసరును మళ్ళీ తూస్తారా?"

వరండాలో అందరూ గొల్లున నవ్వారు. సార్ కూడా నవ్వాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే పాపా. నేనైతే ఒప్పుకుంటాను. కానీ చెన్నైలో విమానం దగ్గర కూర్చున్నాయన ఒప్పుకోడు. ఆయనకు కొసరంటే ఏందో తెలీదు. మీ అమ్మ బ్యాగూ, మీ అమ్మ పెట్టే కలిపి ఇరవై కిలోలే ఉండాల. పదమూడు కిలోల పెట్టె తూచి మూత అంటించేసినాము. ఇప్పుడు దాంట్లోంచి రెండు కిలోల ఏడు నూర్లు తీసెయ్యాల."

ఆయన కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. 'అనిత' అని రాసిన పెట్టె దగ్గరకు పోయి, అంటించిన టేపు చించి, ఒక పొట్లం తీసి వసుధ చేతిలో పెట్టాడు.

"ఇదేందో తెలుసునా?"

వసుధకు తెలుసు. పోయిన ఎండాకాలం వాంతులూ విరేచనాలతో ఆమె లేవలేకపోయింది. అమ్మ ఇలాంటి ఉప్పూ చక్కెరా కలిపిన మందు పొట్లమే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కలిపి, రాత్రంతా చెంచాతో తాగిస్తూనే ఉంది. తెల్లారేసరికి వసుధ లేచి కూర్చుని దోసె అడిగింది.

"ఇది ఎంత బరువుంటాది సార్?"

"ఇరవై ఏడు గ్రాములు."

లెక్కల్లో వసుధకు ఎప్పుడూ తిప్పలు లేవు. ఆరోజు మాత్రం ఆ లెక్క రాకుండా ఉంటే బాగుండుననిపించింది. రెండు వేల ఏడు వందల గ్రాములు. ఒక్కోటి ఇరవై ఏడు. నూరు పొట్లాలు.

"నూరు," అంది మెల్లగా.

సార్ పొట్లాలు బయటికి తీయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

"పెట్టెను ముట్టొద్దు సార్!" అంది అమ్మ గట్టిగా. బ్యాగును బల్ల మీదికి లాగి జిప్పు తీసింది. చేతికి తగిలిన సీసానూ, డబ్బానూ, మూతి కుట్టిన సంచినీ చూసింది. ఆమెకంతా అర్థమైపోయింది. వసుధ కళ్ళు మూసుకుంది. ఇక తిట్లు తప్పవనుకుంది.

తిట్లు రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే అమ్మ తన బట్టలు బయటికి తీస్తోంది. ఒక జత. ఇంకో జత. దుప్పటి. దోమతెర.

"నీ గుడ్డలు యాల తీస్తాండావు?" అని అరిచింది వసుధ.

"మరి ఇంకేం తీసేదే?" అంది అమ్మ. "పిండి తీస్తే మీ అవ్వకు బాధ. ఊరగాయ తీస్తే మీ అత్తకు బాధ. ఈ డబ్బా నీదే గదా, ఇది తీస్తే నీకు బాధ. నా గుడ్డలు తీస్తే ఎవురికీ బాధ లేదు. ఒక జతతోనే ఉతుక్కుని కట్టుకుంటాలే."

అమ్మ ఎగతాళికి అనలేదు. నిజంగానే అంటోంది. అలసిపోయి, కళ్ళ కింద నల్లటి చారలతో, అందరినీ సంతోషపెట్టే దారి వెతుకుతోంది.

"దోమతెర లేకుండా నేను తీస్కపోలేనమ్మా," అన్నాడు సార్. "ఆడ జ్వరాలు ఎక్కువగా ఉండాయి. నువ్వే పడుకుంటే నీకు సేవ చేసేది ఎవరు? బాగా ఆలోచించుకో. కాదంటే నువ్వు ఆగిపోవాల, నీ చోటుకు ఇంకొకర్ని చూసుకుంటాను. రైలుకు ఇంకా గంట టైముంది."

ఆగిపోవాల. ఆ మాటకు అమ్మ ముఖం తెల్లబోయింది. వారం రోజులుగా అమ్మ పడే తపనను వసుధ చూస్తూనే ఉంది. పేపర్లో క్యాంపుల ఫోటోలు వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినలేదు అమ్మ. అలాంటి అమ్మ ఇప్పుడు పోకుండా ఆగిపోతే, కారణం దామోదర్ సార్ కాదు. కాటా కాదు. తనే.

వసుధ అమ్మ చేతిలోంచి దోమతెర లాక్కుంది. తిరిగి బ్యాగులో కుక్కింది. బట్టలు కుక్కింది. దుప్పటి కుక్కింది. తర్వాత తన స్టీలు డబ్బా బయటికి తీసి, ఠంగుమని బల్ల మీద పెట్టింది.

"వసూ, అది ఉండనీలే," అంది అమ్మ.

"ఉండేది లేదు!" వసుధ గొంతు కీచుమంది. కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు మాట్లాడొద్దు!"

అత్త ఇచ్చిన సీసా తీసింది. తర్వాత రాగిపిండి సంచి పట్టుకుంది. అది కదల్లేదు. దాని మీద అవ్వ చెయ్యి ఉంది.

"పిండి మాత్రం పోనీ," అంది నాగమ్మవ్వ.

"తియ్యవ్వా చెయ్యి."

"తియ్యను. నలభై ఏండ్లు అంగడి పెట్టినాను. కొసరు ఇయ్యకుండా ఒక్క మనిషిని పంపలా. నా కోడల్ని వట్టి చేతుల్తో పంపమంటావా? నాకే చెప్పేంత పెద్దదానివైనావా?"

అవ్వకు ఎదురు చెప్పినవాళ్ళు మార్కెట్టులో లేరు. వసుధ ఎవరితో వాదించినా, అవ్వతో ఏనాడూ వాదించలేదు. ఇద్దరూ ఎప్పుడూ ఒకే పక్షం. ఇప్పుడు మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డారు. వసుధ సంచి వదల్లేదు.

"అవ్వా, నువ్వు కొసరు యాడనుంచి తీసి ఇస్తావు?"

"యాడనుంచి ఏంది? నా గంపలోంచి."

"పక్కన నిలబడుకున్నోళ్ళ సంచిలోంచి తీసి ఇస్తావా?"

"ఛీ! నేనెందుకు అట్ల చేస్తాను?"

"మరి ఇప్పుడు చేస్తాండావు గదా!" వసుధ ఏడుస్తూనే అట్టపెట్టె వైపు చెయ్యి చాపింది. "ఇది నీ గంప కాదవ్వా. వాళ్ళ పెట్టె. ఆ జబ్బుచేసిన పిల్లోళ్ళ పెట్టెలోంచి తీసి మనం అమ్మకు కొసరేస్తాండాము. నేను కూడా అదే పని చేసినాను."

అవ్వ పెట్టె వైపు చూసింది. సార్ బయటికి తీసిన మూడు పొట్లాలు ఇంకా దాని మూత మీదే ఉన్నాయి. అవ్వ వాటిని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

తర్వాత బ్యాగు అడుగు నుంచి రాగిపిండి సంచిని తనే బయటికి లాగింది. ఎవరివైపూ చూడకుండా కొంగులో వేసుకుని, వరండా మెట్ల మీద పోయి కూర్చుంది.

బ్యాగును మళ్ళీ కాటా మీద పెడితే ముల్లు ఏడు దగ్గర నిలిచింది. సార్ మూడు పొట్లాలనూ పెట్టెలో వేసి, కొత్త టేపు తెచ్చాడు. ఒక కొస వసుధ పట్టుకుంటే, రెండో కొస ఆయన అంటించాడు. ఆమెను మెచ్చుకోలేదు, బుద్ధులు చెప్పలేదు. "టేపు ముడతలు పడకుండా పట్టుకో," అన్నాడంతే.

ఇక డబ్బా సంగతి. జట్టులో ఉన్న ఎనిమిది మందీ తలా రెండు ఉంటలు తీసుకున్నారు. "పళ్ళ డాక్టర్ను కూడా పిలుచుకుపోవాల్సింది," అన్నాడొకాయన దవడ పట్టుకుని. వసుధ ముక్కు తుడుచుకుంటూ ఆయన్ని గుర్రుగా చూసింది. ఆయన మారు మాట్లాడకుండా రెండోది కూడా తినేశాడు.

అరగంట తర్వాత అందరూ ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. పెట్టెల మీద పెట్టెలు పేర్చారు. నలుగురైదుగురి ఇంటివాళ్ళు వీడ్కోలుకు వచ్చారు. ఎవరి చేతిలో చూసినా ఏదో ఒక పొట్లం, ఏదో ఒక సంచి. గుడుపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కొడుకు బ్యాగు జిప్పు మెల్లగా తీసి, అరటిపండ్ల హస్తం ఒకటి లోపలికి తోయబోయాడు.

"తాతా! వద్దు!" అంటూ వసుధ పరుగెత్తింది.

"ఏమ్మా? నాలుగు పండ్లే గదా," అన్నాడాయన.

"అది కూడా తూకమే తాతా," అంది. ఆయన పండ్లు చేతిలో పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. అక్కడి నుంచి రైలు వచ్చేదాకా వసుధ ఆ బ్యాగుల పక్కనే కాపలా నిలబడింది. పోలీసు కూడా అంత కాపలా కాయడు.

రైలు వచ్చింది. పెట్టెలు ఎక్కించారు. అమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి వసుధ జుట్టు సవరించింది.

"అవ్వ యాడ?" అంది.

అవ్వ అప్పుడే జనంలోంచి తోసుకుంటూ వస్తోంది. ఆమె దోసిట్లో కాగితం పొట్లం. అందులో అప్పుడే ఉడకబెట్టిన చెనక్కాయలు, ఆవిరి ఇంకా పోలేదు. ప్లాట్‌ఫారం చివర ఎవరో అమ్ముతుంటే కొనుక్కొచ్చింది. ఆయాసపడుతూ కిటికీ దగ్గరకు వచ్చి, పొట్లాన్ని ఊచల్లోంచి బ్యాగు వైపు చాపింది. మధ్యలో వసుధ చెయ్యి అడ్డం వచ్చింది.

అవ్వ మనవరాలి వైపు చూసింది. ఈసారి ఆ కళ్ళలో కోపం లేదు. ఏదో ఒకటి ఇవ్వకుండా కోడల్ని పంపడం ఆమెకు చేతకావడం లేదు, అంతే. పొట్లాన్ని ఇంకా ఊచల వైపే చాపి పట్టుకుంది. వసుధ అది చూసింది. వద్దు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

రైలు కూత వేసింది.

"అవ్వా, బ్యాగులో వద్దు," అంది వసుధ. గబగబా ఒక కాయ ఒలిచి గింజలు తీసింది. "నోట్లో పెట్టు. కడుపులో ఉండేదాన్ని ఎవురూ తూయరు!"

అవ్వకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆమె చేతులకు ఎక్కడలేని చురుకు వచ్చింది. ఇద్దరూ కాయలు ఒలుస్తున్నారు, ఊచల్లోంచి అమ్మ నోట్లో పెడుతున్నారు. అమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది, నములుతోంది. "చాలత్తా," అనబోతే అవ్వ ఇంకో పిడికెడు కుక్కింది.

రైలు కదిలింది. అవ్వ ఆగిపోయింది. వసుధ ఆగలేదు. కిటికీ పట్టుకుని పక్కనే నడిచింది, తర్వాత పరుగెత్తింది, ఒలిచిన చివరి గింజలు కూడా అమ్మ నోట్లో పెట్టేసింది. అమ్మకు ఏదో చెప్పాలని ఉంది. బుగ్గలు రెండూ ఉబ్బిపోయి మాట బయటికి రావడం లేదు. చెయ్యి మాత్రం ఊపుతోంది.

"ఇప్పుడేం మాట్లాడొద్దు!" అని అరిచింది వసుధ, చెంపల మీద కారే నీళ్ళు తుడుచుకోకుండానే. "ముందు నమలుమా!"